హీటరు బోర్డు ఎందుకు పోయిందంటే

చిరంజీవి మా కోడలు పిల్లకు,

మీ అత్తయ్య ఆశీస్సులతో రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదటి వరుసలో రాయాలి కాబట్టి రాశాను. రాశాక మళ్ళీ చదువుకుంటే సగమే నిజమనిపించింది. ఒళ్ళు క్షేమంగానే ఉంది. మనసు మాత్రం నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఒకచోట కూర్చోనివ్వడం లేదు. తువ్వాళ్ళు మడత పెడుతూ పెడుతూ లేచి గేటు దాకా వెళ్తున్నాను. ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగి వస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. నీది గొలుసుకట్టు రాత, నాది అక్షరం అక్షరం కూడబలుక్కునే చదువు. పూర్తి చేసేసరికి గంట పట్టింది. చివరి నాలుగు వరుసలు మాత్రం చాలాసార్లు చదివాను. "నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది అత్తయ్యా. ఈ పని నాకు రాదు. శనివారం పూల్ మందుల బండిలో వచ్చేస్తాను" అని. అమ్మాయ్, ఈ ఉత్తరం ఆ బండి డ్రైవరు చేతికే ఇస్తున్నాను. శుక్రవారం పొద్దున్నే నీ చేతిలో పెడతానని ఒట్టు వేశాడు. నేనేదో అటూ ఇటూ తిరిగి అసలు మాటకు వస్తాను, నా ధోరణి నీకు తెలిసిందే. విసుక్కోకుండా చివరి దాకా చదువు. చదివే దాకా పెట్టె సర్దకు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. మీ మిషన్ల ట్రైనింగు వాళ్ళు ఆదివారం పది నిమిషాలే ఫోను ఇస్తారు. అందులో ఎనిమిది మీ ఆయనవి. మిగిలిన రెండు నిమిషాల్లో పోయిన ఆదివారం చెబుదామనే తీసుకున్నాను. నోట్లోంచి "అక్కడ చలిగా ఉందా?" అని వచ్చింది. నువ్వు "లేదత్తయ్యా" అన్నావు. అయిపోయింది. కాగితం అయితే మధ్యలో పెట్టెయ్యదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బుజ్జిది బాగానే తింటోంది. నాలుగేళ్ళ పిల్లకు ఉండాల్సిన అల్లరి అంతా ఉంది, పైన ఇంకో ఇద్దరిది కూడా ఉంది. జుట్టు కళ్ళల్లో పడుతోందని నేనే కత్తిరించాను. కొంచెం ఏటవాలుగా వచ్చింది. "నాన్నమ్మా, నా తల ఒకవైపు ఒరిగిపోయిందా?" అని అద్దంలో చూసుకుని అడిగింది. మీ ఆయనకు దగ్గు తగ్గింది. బస్సు డ్యూటీ పొద్దుటి పూటకు మార్చారు, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పిల్లను చూసుకుంటున్నాడు. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. ఎప్పటిలాగే ఉన్నాయి. వేళ్ళు మాత్రం పొద్దున పూట బిగుసుకుపోతున్నాయి. సీసా మూత తీయాలన్నా పెట్టాలన్నా ఇంకొకరిని పిలవాల్సి వస్తోంది. ఈ వేళ్ళ సంగతి తరవాత మళ్ళీ రాస్తాను, దానితో పని ఉంది.

నువ్వు పడుకునే గదిలో ఫ్యాను కొంచెం ఊగుతుందని రాశావు. మంచం పక్కకు జరుపుకో. ఇంకెవరూ జరుపుకోలేదని నవ్వుకోకు. ముందు నువ్వు జరుపుకో.

మనం పనిచేసే పూల్ దగ్గర సంగతి ఏం చెప్పను. హీటరు ఆగి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. వేడినీళ్ళ పూల్ అని గేటు మీద పెద్ద అక్షరాలు అలాగే ఉన్నాయి, కింద నీళ్ళు మాత్రం మంచు ముక్కలే. నడుం నొప్పి మాస్టారు నిన్న మెట్టు మీద కాలు పెట్టి తీసేశారు. "అమ్మా, ఇందులో దిగితే నడుం ఒక్కటే కాదు, నేను మొత్తం బిగుసుకుపోతాను. ఆ తరవాత మీరు నన్ను నిలువునా తువ్వాల్లో చుట్టి ఇంటికి పంపాలి" అన్నారు. పక్షవాతం వచ్చి తగ్గుతున్న టైలరుగారి భార్య రావడమే మానేసింది. ఆవిడ చెయ్యి ఆ గోరువెచ్చటి నీళ్ళలోనే కాస్త లేచేది. బుడగల తొట్టి ఎండిపోయి ఉంది, అందులో ఎవరో చీపుర్లు పెట్టారు.

ఇప్పుడు హీటరు బోర్డు సంగతి. నువ్వు వెళ్ళే ముందు వారం పాటు ఆ మిషన్ గదిలోనే కూర్చుని కొత్త బోర్డు బిగించావు. అప్పుడు తువ్వాళ్ళ గదిలోంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. మూత చుట్టూ రబ్బరు పెట్టావు. తీగలు లోపలికి పోయే కన్నాలకు సన్న జాలీ కట్టావు, బల్లి దూరకుండా. గోడకు చిన్న పెట్టె బిగించి, కరెంటు ఒక్కసారిగా ఎక్కువైతే ఇది ఆపుతుందని చెప్పావు. వెళ్ళేటప్పుడు తాళం చెవి నా చేతిలో పెట్టి, "అత్తయ్యా, దీనికి ముగ్గురే శత్రువులు. నీళ్ళు, చీమలు, పిచ్చి కరెంటు. ఈ ముగ్గురినీ లోపలికి రానివ్వకండి" అన్నావు. సరిహద్దులో కాపలా పెట్టిన సిపాయిలా ఆ మాట పట్టుకున్నాను నేను.

నీ ఉత్తరంలో ఆ మూడింటి గురించే అడిగావు. చీమల మందు గీత వారం వారం గీశాను. ఒక్క చీమ దాటలేదు. గోడ మీది పెట్టెలో పచ్చ దీపం రోజూ చూసుకున్నాను. నీళ్ళు పడలేదు. కడగడానికి పైపు తెచ్చిన క్లీనరును గుమ్మం బయటే నిలబెట్టి, తడిగుడ్డతో తుడిపించాను. "మిషన్ గదా, పూజగదా పెద్దమ్మా?" అని వాడు వెక్కిరించాడు. అయినా బోర్డు పోయింది.

పోయిన ఐదారు రోజులకు మేనేజరుగారు కళ్ళజోడును పిలిపించారు. అదే, నువ్వు రాకముందు ఇక్కడ హీటర్లు చూసిన మెకానిక్కు. మూత తీసి, ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసి, "ఎవరు చేశారు సార్ ఇది? అతుకులు సరిగా లేవు. రబ్బరు సరిగా కూర్చోలేదు, తేమ చేరింది. ఆడపిల్ల చేతికి ఇస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆ బోర్డు చెత్తబుట్టలో పడేశాడు. కాగితం రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం చూసే మేనేజరుగారు నీకు ఆ ఉత్తరం రాశారు, ట్రైనింగు అయ్యాక మూడు పూల్‌ల మిషన్లూ నీకు అప్పగిద్దామనుకున్నామని, ఇక కళ్ళజోడుకే ఇస్తామని. అది చదివే నువ్వు నాలుగు రోజులుగా సీసం అతికే కడ్డీ పట్టుకోలేదన్నావు. "రబ్బరు ఎక్కడ తప్పు పెట్టానో కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ పెట్టి చూసుకుంటున్నాను అత్తయ్యా" అని రాశావు.

అమ్మాయ్, నువ్వు రబ్బరు తప్పు పెట్టలేదు. బోర్డు పోగొట్టింది నేను.

ఇంత వరకూ రాసి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇక ఆపకుండా రాస్తాను.

నువ్వు వెళ్ళిన రెండో వారంలో వర్షాలు పట్టుకున్నాయి. మెట్ల కింద సామాన్ల గది తలుపు గడియ ఊడిపోయింది. ఒకరోజు పిల్లను నాతో పాటు పూల్ దగ్గరే ఉంచుకున్నాను. నాలుగు తువ్వాళ్ళు మడత పెట్టి తలెత్తేసరికి పిల్ల లేదు. మెట్ల కింద, పూల్ నీళ్ళలో కలిపే యాసిడ్ డబ్బా మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, మూత తిప్పుతోంది. ఎత్తుకుని చేతులు కడిగి, కళ్ళు కడిగి, ఒళ్ళంతా వాసన చూశాను. ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే మీ ఆయన పిల్లను నా దగ్గర వదలడని భయం. నీకు చెబితే ట్రైనింగు వదిలేసి వస్తావని భయం.

గడియ బిగించమని క్లీనరుకు చెప్పాను, రేపు అన్నాడు. నాకు ఆ రేపటి దాకా ఓపిక లేదు. తాళం పడే గది, ఆ తాళం చెవి నా దగ్గర ఉండే గది ఒక్కటే ఉంది. ఆ రెండు యాసిడ్ డబ్బాలూ ఈడ్చుకుంటూ మిషన్ గదిలో పెట్టాను, హీటరు పక్కనే, మూలకు. పిల్ల దూరలేదు, వాన పడదు, తాళం ఉంది. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను. క్లీనరు అడిగినప్పుడల్లా నేనే మగ్గుతో వంచి ఇచ్చేదాన్ని. ఇచ్చి మూత పెట్టేదాన్ని. నా వేళ్ళ సంగతి పైన రాశాను కదా. మూత చుట్టు తిరిగేది గానీ గట్టిగా బిగిసేది కాదు.

అంతటితో ఊరుకున్నానా? గాలివానకు గోడ జాలీలోంచి జల్లు వస్తోందని, నీ మొదటి శత్రువు వచ్చేస్తున్నాడని, పాత తువ్వాళ్ళు చుట్టి ఆ జాలీ కన్నాలన్నీ కుక్కేశాను. గదిలో ఘాటు ఉండేది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తాళం వేసేదాన్ని. మనిషికే ఊపిరాడని చోట మిషన్ ఎలా ఉంటుందని ఒక్కసారి కూడా తోచలేదు.

హీటరు ఆగిన రోజు మేనేజరుగారు వస్తున్నారని తెలిసి, సామాన్లు వాటి చోట లేవని తిడతారేమోనని డబ్బాలు మళ్ళీ మెట్ల కిందికి చేర్చాను. తువ్వాళ్ళు పీకేశాను. డబ్బా ఉన్న చోట నేల మీద తెల్లగా మచ్చ పడి ఉంది, దాని మీద కాళ్ళు తుడుచుకునే పట్టా వేశాను. ఒట్టు, అప్పటికి బోర్డుకూ డబ్బాకూ సంబంధం ఉందని తెలియదు. తిట్ల భయం అంతే. కానీ కళ్ళజోడు నీ పేరు చెప్పినప్పుడు నా మనసులో ఏదో పొడుచుకుంది. ఆ పొడుచుకున్నదాన్ని నేనే నొక్కేశాను.

కళ్ళజోడు వచ్చి వెళ్ళిన రెండు రోజులకు ఆ బోర్డు చెత్తలోంచి తీసి, తువ్వాల్లో చుట్టి, వీధి చివర రేడియోలు బాగుచేసే తాత దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన భూతద్దం పెట్టి చూశాడు. తిరగేసి చూశాడు. వాసన చూశాడు.

"ఇది నీళ్ళకు పోయింది కాదమ్మా. నీళ్ళయితే చారలు కనపడాలి. రాగి అంతా పచ్చగా పొడి కట్టింది చూడు. ఇది పులుపు గాలికి తిన్నది. పక్కన యాసిడ్ గానీ పెట్టారా?"

"లేదు" అన్నాను.

"అతుకులు సరిగా లేవన్నారు" అని అడిగాను మళ్ళీ.

"ఎవడమ్మా అన్నది? అతుకులు ముత్యాల్లా ఉన్నాయి. చుట్టూ అంతా పాడైనా ఇవి పట్టు వదల్లేదు. ఈ అతికినవాళ్ళు నా దగ్గర పనికి వస్తారేమో కనుక్కో."

మూత చుట్టూ రబ్బరు ఉంది కదా గాలి ఎలా పోయిందని అడిగితే, వేడి బయటికి పోవడానికి కింద సందులు ఉంటాయని, ఆ సందుల్లోంచి నెల రోజులైనా ఈ గాలే పీల్చి ఉంటుందని, గది కన్నాలు మూస్తే ఇక ఎక్కడికి పోతుందని చెప్పాడు. జాలీ మూసినట్టు నేను చెప్పలేదు. ఆయనే "మూసే ఉంటారు" అన్నాడు.

ఇదంతా తెలిసి పదిహేను రోజులు అయింది అమ్మాయ్. పదిహేను రోజులు నేను నోరు మూసుకున్నాను. నా ఉద్యోగం పోతుందనా, పిల్లను నా దగ్గర వదలరనా, కోడలి ముందు తలవంచుకోవాలనా అని నన్ను నేనే అడిగాను. మూడూ ఉన్నాయి. మూడోది కొంచెం ఎక్కువే ఉంది. అబద్ధం ఎందుకు? నువ్వు మిషన్లు నేర్చుకుంటానన్నప్పుడు "ఇంట్లో కుక్కరు విజిలు మార్చడం రాదు గానీ" అని అన్నది నేనే. నువ్వు మర్చిపోయి ఉంటావు, నేను మర్చిపోలేదు.

మొన్న నీ ఉత్తరం చదివాక ఇక ఆగలేదు. ముందు మీ ఆయనతో చెప్పాను. పిల్ల డబ్బా ఎక్కిన సంగతి కూడా చెప్పాను. "అమ్మా, పోయింది బోర్డు. పిల్ల ఉంది కదా. ముందు మేనేజరు దగ్గరకు వెళ్ళు. నేను వెంట రావాలా?" అన్నాడు. వద్దన్నాను. నిన్న పొద్దున వెళ్ళి నిలబడ్డాను.

మేనేజరుగారు అంతా విని నవ్వారు! "పెద్దమ్మా, కోడలి మీద ఇంత ప్రేమ ఎప్పటి నుంచి?"

"ప్రేమా లేదు, దోమా లేదు సార్. డబ్బాలు నేనే పెట్టాను."

"మా ఇంట్లోనూ అత్తాకోడళ్ళు ఉన్నారు. నాకు తెలియదా? అమ్మాయి ఏడుస్తూ ఉత్తరం రాసి ఉంటుంది, మీరు తప్పు నెత్తిన వేసుకుంటున్నారు. మంచి మనసే. వెళ్ళి పని చూసుకోండి."

నా జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను మంచి అత్త అన్నారు. అదీ ఇలాంటప్పుడు. ఎక్కడ తల బాదుకోను?

తాత చెప్పింది చెప్పాను. "రేడియో మెకానిక్కుకు హీటర్ల సంగతి ఏం తెలుసు?" అన్నారు. సరిగ్గా అప్పుడే కళ్ళజోడు కొత్త బోర్డు కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. ఇద్దరినీ మిషన్ గదికి రమ్మన్నాను. వాళ్ళు వచ్చే లోపల మెట్ల కింది నుంచి డబ్బా ఈడ్చుకొచ్చాను, నడుం కలుక్కుమంది. పట్టా తీసేశాను. నేల మీద సిమెంటు పొట్టు లేచి, గుండ్రంగా, తెల్లగా గాడి పడి ఉంది, సరిగ్గా బోర్డు మూత కింద. డబ్బా ఎత్తి ఆ గాడిలో పెట్టాను. గిన్నె మీద మూత కూర్చున్నట్టు కూర్చుంది.

మేనేజరుగారు వంగి చూశారు. కళ్ళజోడు "ఆ మచ్చ ఎప్పటిదో సార్" అన్నాడు.

"ఎప్పటిదో అయితే, ఆ రోజు బోర్డు చూడటానికి ఇక్కడే గొంతుక్కూర్చున్నారు కదా బాబూ, కాలి కింద పట్టా ఎందుకుందని ఎందుకు అడగలేదు? మీరు ఆ అమ్మాయి పేరు ముందే రాసుకుని వచ్చారు. బోర్డు తరవాత చూశారు" అన్నాను. ఈ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. తువ్వాల్లో చుట్టి తెచ్చిన బోర్డు మేనేజరుగారి చేతిలో పెట్టి, "అతుకులు మీరే చూడండి సార్, ఒక్కటి ఊడిందేమో" అన్నాను.

ఆయన గోరుతో లాగి చూశారు. ఊడలేదు. కళ్ళజోడు వైపు చూసి, "నువ్వు లాగి చూశావా?" అని అడిగారు. కళ్ళజోడు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పుడు మేనేజరుగారు నా మీద అరిచారు చూడు, అది నమ్మినట్టు గుర్తు. యాసిడ్ ఎక్కడైనా మిషన్ పక్కన పెడతారా, గాలి కన్నాలు మూస్తారా, పసిపిల్లను ఇక్కడికి తెస్తారా అని ఉతికి ఆరేశారు. ప్రతి తిట్టుకూ "అవును సార్" అన్నాను. తాళం చెవులు తీసేసుకున్నారు. సామాన్లు ఇక నా చేతిలో ఉండవు, తువ్వాళ్ళు మాత్రం ఉంటాయి. అది కూడా ఉంచుతారనుకోలేదు. మెట్ల కింద గదికి సాయంత్రానికల్లా కొత్త గడియ బిగించారు. ఇన్నాళ్ళుగా రాని రేపు ఒక్క పూటలో వచ్చేసింది.

కాగితం రాసి ఇచ్చేదాకా కదలనని గుమ్మంలో నిలబడ్డాను. రాశారు. బోర్డు పాడవడానికి కారణం యాసిడ్ ఆవిరి అని, బిగించిన పనిలో లోపం లేదని, నీకు ముందు రాసిన ఉత్తరం వెనక్కు తీసుకుంటున్నామని. కింద సంతకం, స్టాంపు. ఆ కాగితం దీంతో పాటే పెట్టాను. బోర్డు కూడా అదే తువ్వాల్లో చుట్టి పంపిస్తున్నాను, డ్రైవరు సీటు కింద పెట్టుకుంటాడు. కాగితం నమ్మకపోయినా అతుకులు చూసుకో. నీ చేతులు చేసినవి నీ కళ్ళతో చూసుకో. మీ సారుకు చూపించు. నా ఉత్తరం చూపించకు, అక్షరాలు బాగా లేవు.

కొత్త బోర్డు వచ్చే వారం వస్తుంది. కళ్ళజోడు చేతే బిగింపిస్తారా అని అడిగితే మేనేజరుగారు చూద్దాం అన్నారు. నడుం నొప్పి మాస్టారే అందుకుని, "ఇరవై మూడు రోజులు ఆగినవాళ్ళం, ఆ అమ్మాయి నేర్చుకుని వచ్చేదాకా ఆగలేమా?" అన్నారు. ఇంకో నెల రోజులు ఆ నీళ్ళల్లో ఆయన దిగరు, ఎటూ బయటే కూర్చుంటారు, కాబట్టి ఆయన మాట మేనేజరుగారు ఎంతవరకు పట్టించుకుంటారో తెలియదు. అది కూడా నాకొక బెంగ.

"ఫరవాలేదత్తయ్యా" అని మాత్రం రాయకు. ఫరవా ఉంది. పదిహేను రోజులు నేను తువ్వాళ్ళు మడుస్తూ కూర్చోబట్టే కదా నీ చేతుల మీద నీకు నమ్మకం పోయింది. తిట్టాలనిపిస్తే పెద్ద అక్షరాలతో తిట్టు, నేను తేలిగ్గా చదువుకుంటాను. పిల్ల సంగతి దాచినందుకు ఇంకో పేజీ తిట్టు. కానీ అవన్నీ అక్కడి నుంచే తిట్టు. నిన్ను ఇంటికి రావద్దనడం నా నోటితో అనాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. వచ్చావంటే నా మీద ఉన్న తప్పు జీవితాంతం నీ మీద ఉండిపోతుంది.

డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు. ఇంకా ఏదో మర్చిపోయానని మనసు కొట్టుకుంటోంది. ఆ, ఫ్యాను కింద నుంచి మంచం జరుపుకున్నావా?

శనివారం సాయంత్రం బండి తిరిగి వచ్చేవేళకు నేను గేటు దగ్గరే ఉంటాను. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉండాలి.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్నా తిట్లు ఇంకా అందని
మీ అత్తయ్య